బరువు దిగిన తరువాతే బిగింపు: ఇంట్లో ఇంజిన్ మౌంటింగ్ మార్చిన అనుభవం

కారు ఆగి ఉన్నప్పుడు స్టీరింగు వణకడం మొదలై నాలుగు నెలలైంది. మొదట్లో ఏసీ వేసినప్పుడు మాత్రమే చేతికి తెలిసేది. తరువాత ఏసీ లేకపోయినా, ఇంజిను ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటరు తొక్కకుండా ఊరికే నడుస్తూ, ఉంటే చాలు, లోపలి అద్దంలో వెనుక బండి నంబరు చదవలేనంతగా బొమ్మ అదిరేది. పెట్రోలు సరిగా మండడం లేదేమోనన్న అనుమానంతో స్పార్క్ ప్లగ్గులు మార్చాను, ఎయిర్ ఫిల్టరు మార్చాను, థ్రాటిల్ బాడీ శుభ్రం చేశాను. వణుకు రవ్వంత కూడా తగ్గలేదు. అయితే యాక్సిలరేటరును కొద్దిగా తొక్కి వేగం పెంచగానే ఆ అదురు పూర్తిగా మాయమయ్యేది, రివర్స్ గేరు వేసి క్లచ్ వదిలేటప్పుడు ముందు భాగంలో ఎక్కడో ‘ధడ్’ మని ఒక్క దెబ్బ వినిపించేది. ఈ రెండు లక్షణాలూ కలిసి కనిపిస్తే మొదట చూడవలసినది ఇంజిన్ మౌంటింగులను, అంటే ఇంజినును బాడీకి పట్టి ఉంచే రబ్బరు, ఇనుము కలిసిన ఆధారాలను.

వేగం పెరిగితే వణుకు ఎందుకు పోతుందో అర్థం చేసుకుంటే పని సగం సులువవుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజినులో క్రాంక్ షాఫ్టు అనే ప్రధాన ఇరుసు ఒక చుట్టు తిరిగేసరికి రెండు సిలిండర్లు మండుతాయి. ఐడిల్‌లో నిమిషానికి 750 చుట్లు అనుకుంటే సెకనుకు 12.5 చుట్లు, అంటే సెకనుకు 25 కుదుపులు. మరోవైపు, స్ప్రింగుకు కట్టిన బరువుకు ఉన్నట్టే రబ్బరు మీద కూర్చున్న ఇంజినుకూ తనదైన ఊపు ఒకటి ఉంటుంది. కుదుపుల వేగం ఆ సొంత ఊపు కన్నా సుమారు 1.4 రెట్లు దాటిన తరువాతనే రబ్బరు వాటిని బాడీకి చేరకుండా ఆపగలుగుతుంది, ఎంత దాటితే అంత బాగా ఆపుతుంది. రబ్బరు ఎండి గట్టిపడినా, చీలి కుంగిపోయి లోపలి ఇనుము బయటి ఇనుముకు తగులుతున్నా, ఆ సొంత ఊపు వేగం పెరిగి 25కు దగ్గరవుతుంది. అప్పుడు ఐడిల్‌లోని ప్రతి కుదుపూ నేరుగా సీటు దాకా వస్తుంది. అదే ఇంజిను 1500 చుట్లకు చేరితే కుదుపులు సెకనుకు 50 అవుతాయి కనుక, దెబ్బతిన్న రబ్బరు కూడా వాటిని ఎంతో కొంత ఆపగలుగుతుంది.

అనుమానం తీర్చుకోవడానికి మా అబ్బాయిని డ్రైవరు సీటులో కూర్చోబెట్టాను. చక్రాలకు ముందూ వెనుకా అడ్డులు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, కాలి బ్రేకు గట్టిగా తొక్కి ఉంచి, మొదటి గేరులో క్లచ్‌ను ఒక్క క్షణం మాత్రం కొద్దిగా వదిలి మళ్లీ తొక్కమన్నాను. తరువాత రివర్స్‌లో అలాగే చేయమన్నాను. నేను బానెట్ తెరిచి పక్కన నిలబడ్డాను. ఈ పరీక్ష చేసేటప్పుడు బండికి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. మొదటి గేరులో ఇంజిను ఒక పక్కకు ఒరిగి నెమ్మదిగా తిరిగి వచ్చింది, రివర్స్‌లో మాత్రం కుడివైపు పైకి లేచి దబ్బున కూర్చుంది. “నాన్నా, నా కాళ్ల కింద కూడా తెలిసింది” అన్నాడు వాడు లోపలి నుంచి. ఇక సందేహం మిగలలేదు.

అడ్డంగా అమర్చిన ఇంజినులున్న చాలా కార్లలో బరువును రెండు మౌంటింగులు మోస్తాయి. టైమింగ్ బెల్టు లేదా చెయిన్ ఉండే వైపు ఒకటి, గేర్ బాక్సు వైపు ఒకటి. ఇంజిను ముందుకూ వెనక్కూ ఒరగకుండా అడుగున ఒక చిన్న టార్క్ రాడ్ పట్టుకుని ఉంటుంది. ఈ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన నాకు ఎంతో ఇష్టమైనది. 1931లో క్రైస్లర్ సంస్థ తన ప్లిమత్ పీఏ కారులో ఇంజినును రెండు రబ్బరు ఆధారాల మీద, ముందు వైపు ఎత్తుగా, వెనుక వైపు కిందుగా నిలబెట్టింది. ఆ రెండింటినీ కలిపే గీత ఇంజిను గురుత్వ కేంద్రం మీదుగా పోవడం వల్ల ఇంజిను తన అక్షం చుట్టూ తానే ఊగి, ఆ ఊపు ఛాసిస్‌కు చాలా తక్కువగా చేరేది. దానికి వాళ్లు పెట్టిన పేరు ఫ్లోటింగ్ పవర్. ఇంజినును కదలకుండా కట్టేయడం కాదు, దాన్ని సరైన చోట కదలనివ్వడమే మౌంటింగు పని అని అక్కడి నుంచే నేర్చుకోవచ్చు. రబ్బరు బదులు గట్టి పాలీయురెథేన్ ప్లాస్టిక్ మౌంటింగు వేయమని ఒకరిద్దరు సలహా ఇచ్చినా నేను రబ్బరుకే కట్టుబడింది ఇందుకే. పందెం బండికి అది తగునేమో కానీ, రోజూ నడిపే కారులో ఐడిల్ వణుకు మళ్లీ మొదటికి వస్తుంది.

విప్పే పని ఇంజిను పూర్తిగా చల్లారిన తరువాత మొదలుపెట్టాను. బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, బండి ముందు భాగాన్ని జాక్ స్టాండ్ల మీద నిలిపాను. ఒక్క జాకీని నమ్మి బండి కిందకు దూరడం ప్రాణాలతో చెలగాటం. కూలెంట్ డబ్బా గొట్టాలు విప్పకుండానే దాన్ని పక్కకు జరిపాను. ఇంజిను అడుగున ఆయిలు నిలిచే తొట్టి, అంటే ఆయిల్ సంపు కింద, డ్రెయిన్ ప్లగ్గుకు దూరంగా వెడల్పాటి చెక్క పెట్టి, దాని కింద మరో జాకీని ఆనించాను. చెక్క లేకపోతే బరువంతా ఒక్కచోట పడి సంపు సొట్టపోతుంది, అల్యూమినియందైతే పగిలిపోతుంది. జాకీని లేపేటప్పుడు కళ్లు జాకీ మీద కాక మౌంటింగు మీద ఉండాలి. రబ్బరు మీది నొక్కుడు సడలిందని కనిపించగానే ఆపాలి. అంతకు మించి లేపితే సైలెన్సర్ పైపు, హోసులు, డ్రైవ్ షాఫ్టులు అన్నీ లాగుకుపోతాయి. బోల్టులు విప్పే ముందు బ్రాకెట్టు ఎక్కడ కూర్చుని ఉందో చుట్టూ తెల్ల పెయింటుతో గీత గీశాను. ఇంజినుకు కదలిక ఉండాలని అడుగున టార్క్ రాడ్ బోల్టును కూడా వదులు చేశాను.

బయటికి తీసిన పాత మౌంటింగును, కొత్తదాన్ని బల్ల మీద పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాను. కొత్తదానిలో నడిమి ఇనుప గుండు రబ్బరు మధ్యలో నిక్కచ్చిగా నిలబడి ఉంది. పాతదానిలో అది దాదాపు వేలెడు మందం కిందికి జారి, బయటి చట్రానికి తగిలి తగిలి అక్కడ ఇనుము మెరుస్తోంది. బొటనవేలితో నొక్కితే రబ్బరులో ఒక చీలిక నోరు తెరిచి, గోరు లోపలికి దిగింది. ఒక పక్క రబ్బరు గట్టిపడి పెళుసుగా ఉంటే, ఇంకో పక్క ఉబ్బి, వేలికి నల్లగా జిగటగా అంటుకుంది. ఆ జిగటే అసలు సంగతి చెప్పింది. ఇంజిను పైమూత అంచున ఆయిలు కారకుండా ఆపే వాల్వ్ కవర్ గాస్కెట్ నుంచి చెమర్చిన ఆయిలు నెలల తరబడి సరిగ్గా ఆ మౌంటింగు మీదకే కారింది. సహజ రబ్బరుకు వేడి ఒక శత్రువైతే, ఆయిలు అంతకన్నా పెద్ద శత్రువు, అది రబ్బరును ఉబ్బించి బలం తీసేస్తుంది. అందుకని పని అక్కడే ఆపి, ముందు గాస్కెట్ మార్చాను. కారుతున్న ఆయిలు కింద కొత్త రబ్బరు పెట్టడం దాన్ని చేజేతులా పాడుచేయడమే.

బిగించేటప్పుడు బోల్టులన్నింటినీ మొదట చేతి వేళ్లతోనే ఎక్కించాలి. రంధ్రాలు కలవకపోతే జాకీని వెంట్రుకవాసి పైకో కిందికో జరపాలి తప్ప, బోల్టును స్పానరుతో బలవంతంగా తోయకూడదు, అల్యూమినియం మర ఒక్కసారి పోతే బాగుచేయడం పెద్ద పని. నా కారు మాన్యువల్ ప్రకారం బాడీ వైపు బోల్టులు ఒక్కసారికే పనికివచ్చేవి, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో చెప్పినంత బిగించి ఆపైన చెప్పిన కోణం తిప్పవలసినవి. కాబట్టి వాటిని కొత్తవే వేశాను. ఈ కొలతలు బండి బండికీ మారతాయి కనుక ఎవరి మాన్యువల్‌ను వారు చూడవలసిందే.

ఇంత జాగ్రత్తపడి కూడా ఒక్కచోట తప్పు చేశాను. ఎలాగూ అడుగునే ఉన్నాను కదా అని, జాకీ ఇంకా ఇంజినును మోస్తూ ఉండగానే టార్క్ రాడ్ బోల్టును పూర్తిగా బిగించేశాను. స్టార్టు చేస్తే ‘ధడ్’ శబ్దం పోయింది, బొమ్మ అదరడమూ చాలా తగ్గింది, కానీ ఇంతకు ముందు లేని సన్నని గుంయ్‌మనే మోత ఒకటి పాదాల కింద మొదలైంది. కొత్త మౌంటింగు నాసిరకమేమోనని ఆ రాత్రంతా మనసు కుదుటపడలేదు.

తెల్లవారాక మళ్లీ కిందకు దూరి చూస్తే కారణం కంటికే కనిపించింది. టార్క్ రాడ్ చివర ఉండే రబ్బరు బుష్‌లో లోపలి ఇనుప గొట్టాన్ని బోల్టు కదలకుండా పట్టేస్తుంది, తిరగవలసినది చుట్టూ ఉన్న రబ్బరు మాత్రమే. ఇంజిను ఎత్తులో ఉండగా ఆ గొట్టాన్ని పట్టేస్తే, జాకీ తీసి ఇంజిను కిందికి దిగిన ప్రతి మిల్లీమీటరుకూ రబ్బరు మెలితిరుగుతుంది. ఇక అది ఎప్పటికీ ఆ మెలికలోనే బతకాలి. మెలిక పడిన రబ్బరు బిర్రబిగుసుకుని వణుకును ఆపలేకపోతుంది, త్వరగా చీలిపోతుంది కూడా. నా బుష్ అంచున రబ్బరు తడిబట్ట పిండినట్టు ఏటవాలుగా ముడతలు పడి ఉంది.

ఆ ఒక్క బోల్టునూ ఒక చుట్టు వదులు చేశాను. ముడతలు అప్పటికప్పుడే సర్దుకుని రబ్బరు నున్నగా అయింది. ఇంజినును చేతులతో ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు ఊపి, తన బరువు మీద తానే కుదురుకోనిచ్చి, అప్పుడు టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పినంత బిగించాను. బోల్టు తల మీది నుంచి బ్రాకెట్టు మీదికి ఒక పెయింటు గీత గీశాను. స్టార్టు చేస్తే మోత లేదు, ఏసీ వేసినా అద్దంలో బొమ్మ నిలిచే ఉంది. వారం రోజులు నడిపిన తరువాత టార్చి పట్టుకుని మళ్లీ చూశాను. గీత తెగలేదు, అంటే బోల్టు వదులు కాలేదు, మౌంటింగు మీద ఆయిలు చుక్క లేదు.