జీడితోటలో ఇనుప పలక: పని ఇంతవరకు వచ్చింది

భీమిలి వైపు, సముద్రం కనిపించే మా బావమరిది జీడితోటలో నిలబెట్టబోయే శిల్పానికి కోత పని అయిపోయింది. శిల్పమంటే బొమ్మ కాదు. 2.4 మీటర్ల ఎత్తు, 1.2 మీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం గల ఒకే ఒక ఇనుప పలక, దానికో గుండ్రటి కన్నం.

ఆ కన్నం ఎక్కడ పెట్టాలన్నది తేలడానికే ఎక్కువ కాలం పట్టింది. ప్యాకింగ్ అట్టలు అతికించి, అసలు కొలతకే నమూనా చేసి, రెండు వెదురు గెడలకు కట్టి నిలబెట్టాం. నేల ఒకే మట్టంగా ఉన్నచోట సముద్రం, ఆకాశం కలిసే గీత ఎప్పుడూ చూసేవారి కంటి ఎత్తులోనే కనిపిస్తుంది. పలక దగ్గరికి వచ్చినా, వెనక్కి జరిగినా దాని మీద ఆ గీత తగిలే చోటు మారదు. మారేది కన్నంలోంచి మొత్తం ఎంత దృశ్యం కనిపిస్తుందన్నదే. అందుకే కన్నం మధ్యబిందువు నేల నుంచి 1.5 మీటర్లు, వ్యాసం 90 సెంటీమీటర్లు. పెద్దవాళ్లకు నీరూ ఆకాశమూ దాదాపు చెరిసగం. మేనకోడలి కంటి ఎత్తు 1.1 మీటర్లే కాబట్టి ఆ పిల్లకు అడుగున సన్నటి నీటి చార, పైనంతా ఆకాశం. బ్రిటిష్ శిల్పి బార్బరా హెప్‌వర్త్ 1930ల మొదట్లోనే రాయికి కన్నం తొలిచారు. ఆమె శిల్పాల్లో రాయికెంత విలువో ఖాళీకీ అంతే విలువ. నాకు నచ్చిందీ అదే.

పక్క తోట పెద్దాయన మాత్రం అట్ట చుట్టూ తిరిగి చూసి, "బాబూ, కిటికీ పెట్టారు సరే, గోడలెప్పుడు?" అన్నారు. మంచి విమర్శే.

కన్నం గాలికీ కలిసొచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానును చూసినవాళ్లకు గాలి లెక్క ఎందుకో చెప్పనక్కర్లేదు. కట్టడాల మీద పడే భారాలకు భారత ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం విశాఖకు మూల గాలివేగం (లెక్క మొదలెట్టాల్సిన వేగం) సెకనుకు 50 మీటర్లు. వేగం వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, అంటే దాదాపు 150 కిలోల బరువంత ఒత్తిడి. నిండు పలక మీద 430 కిలోలు పడేది, కన్నం వల్ల సుమారు 340కి దిగింది. ఆకారాన్ని బట్టి ఇది పెరుగుతుంది కాబట్టి పునాదిలో పొదుపు చేయలేదు: 1.2 మీటర్ల చదరం, 60 సెంటీమీటర్ల లోతు, ఆరు బస్తాల సిమెంటు. పైభాగాన్ని నేలకు సమంగా ఆపాం. దిమ్మె లేస్తే కంటి ఎత్తు లెక్కంతా చెడుతుంది.

రంగు దగ్గర కొంత తగాదా నడిచింది. ఎర్రమట్టి దిబ్బలు దగ్గరే ఉన్నాయి, తుప్పు రంగుకే వదిలేయమని బావమరిది. తుప్పే కవచంగా మారే కార్టెన్ ఉక్కు ఉంది గాని, ఉప్పుగాలిలో ఆ పొర స్థిరపడదు, లోపలికి తింటూనే పోతుంది. మాది మామూలు ఉక్కు, ఇంకా ఘోరం. కాబట్టి మూడు పూతల పెయింటు: అడుగున జింకు ఎక్కువున్న ఎపాక్సీ ప్రైమర్, మధ్యలో ఎపాక్సీ, పైన మెరుపులేని పాలీయూరిథేన్. రంగు ఆ దిబ్బలదే. మన్ను తెచ్చి షాపులో చూపించి కలిపించాం.

పదునైన అంచుల మీద పెయింటు పలచబడి తుప్పు మొదట అక్కడే పుడుతుంది. కన్నం అంచును గ్రైండరుతో గుండ్రంగా అరగదీయడం సగమయింది. మిగతా సగం, పలకను పునాదికి బిగించే యాంకర్ బోల్టుల కింద నీరు నిలవకుండా వాలు పోయడం వచ్చే వారం.