పది యూరోల లోపు మంచి బోర్దో వైన్: నా అనుభవం

మాది కాకినాడ. మా వైపు వైన్ షాపు అంటే బ్రాందీ, విస్కీ, బీరు దొరికే చోటు. అక్కడికి వెళ్లి వైన్ అడిగినవాణ్ణి నేనెన్నడూ చూడలేదు. పక్కనే ఉన్న యానాం ఒకప్పుడు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేదని తెలిసినా, అక్కడికి వెళ్లేవారిలో చాలామంది దృష్టి మందు చవకగా దొరకడం మీదే ఉండేది. అందువల్ల 2021లో ఉద్యోగరీత్యా ఫ్రాన్స్‌లోని బోర్దో నగరానికి చేరేనాటికి, వైన్‌ను ద్రాక్షపండ్లతో చేస్తారన్న సంగతి ఒక్కటే నాకు తెలుసు.

వచ్చిన రెండో నెలలో మా బృందంలోని పెద్దాయన ఇంటికి భోజనానికి పిలిచారు. వట్టి చేతులతో వెళ్లడం బాగుండదని, సూపర్‌మార్కెట్‌లో ‘గ్రాన్ వాన్ ద బోర్దో’ అని బంగారు అక్షరాలు, వాటి కింద ఒక కోట బొమ్మ ఉన్న సీసాను నాలుగు యూరోలకు కొని పట్టుకెళ్లాను. ఆయన ఎంతో మర్యాదగా అందుకుని, లేబుల్ ఒకసారి చూసి వంటగదిలో పెట్టారు. భోజనాల దగ్గర వేరే సీసా తెరిచారు. నేను తెచ్చినదానిలో సగం, నా కళ్ల ముందే, మాంసం ఉడుకుతున్న గిన్నెలోకి పోయింది. ఆయన తప్పేమీ లేదు. మనం మాత్రం చుట్టాలు తెచ్చిన పుల్ల మామిడిపండ్లను పచ్చడికి వాడుకోమా?

మా వీధి చివర వైన్లు మాత్రమే అమ్మే ఒక చిన్న దుకాణం ఉంది. మరునాడు అక్కడికి వెళ్లి, పది యూరోలకు మించి పెట్టలేనని ముందే చెప్పి, జరిగింది వివరించాను. దుకాణం నడిపే ఆవిడ నవ్వి, ముందు లేబుల్ చదవడం నేర్చుకోమన్నారు. ‘గ్రాన్ వాన్’ అంటే గొప్ప వైన్ అని అర్థమే గాని, ఆ మాటకు చట్టపరమైన బరువేమీ లేదట. ‘షాతో’ అంటే నిజంగా కోట ఉండనక్కరలేదు. ద్రాక్ష ఆ ఎస్టేటు తోటలోదే అయితే చాలు, రేకుల షెడ్డులో చేసినా అది షాతోయే. సెంటెమిలియోన్ అనే ఊరి వైన్ల మీద కనిపించే ‘సెంటెమిలియోన్ గ్రాన్ క్రూ’ అన్నదీ ఇలాగే మోసపుచ్చే మాట. అది విస్తారంగా వాడుకలో ఉన్న ఒక ప్రాంతీయ గుర్తింపు మాత్రమే. చివర ‘క్లాసే’ అన్న మాట కూడా ఉంటేనే అది ఆ ఊరి తోటల వర్గీకరణలో చోటు సంపాదించిన తోట.

దీనికి వేరుగా, పేరుమోసిన 1855 నాటి వర్గీకరణ మూడో నెపోలియన్ పారిస్ ప్రదర్శన కోసం చేయించినది. అప్పటి దళారులు ఆయా తోటల వైన్లు పలికే ధరను బట్టే వరుసలు కట్టారు. ఎర్ర వైన్లలో ఈనాడు 61 తోటలున్న ఆ జాబితాలో చెప్పుకోదగ్గ మార్పు 1973లో మూతోన్ రోత్‌షీల్డ్ అనే తోట మొదటి వరుసకు ఎక్కడం ఒక్కటే. నా జేబుకు ఆ జాబితాతో పని లేదు. ‘క్రూ బూర్జువా’ అన్న మాట మాత్రం నన్ను ఆకర్షించింది. బూర్జువా అన్నది మనకు ఎర్రజెండా ఉపన్యాసాల్లో తిట్టుగా పరిచయం; ఇక్కడ అది పూర్వం నగరంలోని సంపన్న పౌరులు కొనుక్కున్న తోటలను గుర్తుచేసే గౌరవపదం. మేడోక్ ప్రాంతపు ఈ వర్గీకరణను 2020లో మూడు అంచెలుగా చేశారు. కింది అంచెలోనివి తగ్గింపు అమ్మకాల్లో నాకు పది, పన్నెండు యూరోలకు దొరికాయి.

లేబుల్ మీద ద్రాక్ష రకం కనబడకపోవడం నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. ఇక్కడ ఊరి పేరే ద్రాక్ష పేరు చెబుతుంది. ఉభయ గోదావరుల మధ్య పెరిగినవాడికి ఇది అర్థం కావడానికి నది ఒడ్డున నిలబడితే చాలు. గరోన్, దోర్దోన్యు అనే రెండు నదులు నగరానికి దిగువన కలిసి జిరోండ్ అనే విశాలమైన నదీముఖంగా మారి అట్లాంటిక్ సముద్రంలో కలుస్తాయి. ఎడమ ఒడ్డున ఉన్న మేడోక్‌లో నేల గులకరాళ్లమయం. ఆ రాళ్లలో నీరు నిలవదు, ఎండ వేడి నిలుస్తుంది కనుక ఆలస్యంగా పండే కాబెర్నే సొవిన్యోన్ అనే ద్రాక్ష అక్కడ రాణిస్తుంది. కుడి ఒడ్డున బంకమన్ను, సున్నపురాయి. అక్కడ మెర్లో అనే రకానిది పైచేయి. మొత్తం ప్రాంతంలోని ఎర్ర ద్రాక్షతోటల్లో దాదాపు మూడింట రెండు వంతులు మెర్లోయే కాబట్టి, చవక సీసాలో ఉన్నది కూడా చాలామటుకు అదే.

ఈ తేడా నాలుకకు తెలియాలని ఒక శనివారం మూడు సీసాలు, మూడూ 2019వి, కొని తెచ్చాను: ఒకటి మామూలు బోర్దో, ఒకటి మేడోక్, ఒకటి కుడి ఒడ్డున ఉన్న కస్తియోన్ అనే ఊరిది. ఇంట్లో గాజు గ్లాసులు ఒక రకంవి మూడు లేక, స్టీలు గ్లాసుల్లోనే పోసుకున్నాను. ఫ్రెంచివారు టానిన్ అని పదేపదే చెప్పేది మరేమీ కాదు, మన వగరే అని అప్పుడు తట్టింది. పచ్చి నేరేడుపండు కొరికినప్పుడో, వక్క నమిలినప్పుడో బుగ్గల లోపలి తడి ఆరిపోయినట్టు అనిపిస్తుంది చూడండి, అదే. మేడోక్‌లో ఆ వగరు నాలుకను గట్టిగా పట్టింది. గంటసేపు గ్లాసులో ఉంచాక కొంత సడలింది. మామూలు బోర్దో పులుపు తప్ప మరేమీ లేకుండా పలచగా జారిపోయింది. కస్తియోన్ మాత్రం బాగా పండిన నేరేడులా నిండుగా, వగరు చివరలో మాత్రమే తగిలేలా ఉంది. ధర తొమ్మిది యూరోలు.

ఆ రుచి పట్టుకునే రైలెక్కి ఆ ఊరు వెళ్లాను. 1453లో వందేళ్ల యుద్ధానికి ముగింపు పలికిన పోరు జరిగినది అక్కడే. రైలు లిబూర్న్, సెంటెమిలియోన్ దాటి కస్తియోన్ చేరుతుంది. కిటికీలోంచి చూస్తే తోట ఎక్కడ ఆగి మరొక తోట ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. సెంటెమిలియోన్ సున్నపురాయి గట్టే తూర్పుగా సాగి కస్తియోన్‌లోకి వస్తుంది. మారేది లేబుల్ మీది పేరు, దానితోపాటు ధర. అప్పటినుంచి నా పద్ధతి ఇదే అయింది: పేరున్న ఊరిని వదిలి, దాని పొరుగూరిని చూడడం. పోమెరోల్ బదులు లాలాండ్ ద పోమెరోల్, సెంటెమిలియోన్ బదులు లుసాక్ లేదా ఫ్రోన్సాక్. వీటిలో లాలాండ్ మాత్రం నా పది యూరోల గీత దాటుతూనే ఉంటుంది.

సంవత్సరం కూడా చూడక తప్పదని ఒక దెబ్బ తిన్నాకే తెలిసింది. 2021 ఏప్రిల్‌లో మంచు చిగుళ్లను కాల్చేసింది, ఆపైన వేసవి చల్లగా, తడిగా గడిచింది. ఆ ఏటి చవక సీసాల్లో నాకు పచ్చి వాసన తగిలింది. 2018, 2019, 2020 మూడూ ఎండ బాగా కాచిన ఏళ్లు. గొప్ప తోటలవారు చెడ్డ ఏడు పండ్లు ఏరి పారవేయగలరు. ఏడు యూరోలకు అమ్ముకునే రైతుకు ఆ వెసులుబాటు ఎక్కడిది?

ఇక మన వంటల సంగతి. గోంగూర మటన్‌తో లేత మేడోక్ తాగి నేను చేసిన తప్పు మరెవరూ చేయవద్దు; వగరు కారాన్ని ఎగదోస్తుంది, గోంగూర పులుపు ముందు వైన్ చేదుగా మిగులుతుంది. దుకాణం ఆవిడే దానికీ దారి చూపారు: లూపియాక్. సోతెర్న్ అనే ఖరీదైన తీపి వైన్ ప్రాంతానికి గరోన్ ఆవలి ఒడ్డున ఉన్న ఊరది. శరదృతువులో ఉదయం పూట నది మీది పొగమంచు తోటలను కమ్ముతుంది. దానివల్ల పండ్లకు ఒక రకం బూజు పట్టి, తోలు పలచబడి, లోపలి నీరు ఆవిరై తీపి చిక్కబడుతుంది. పదకొండు యూరోల సీసాను బాగా చల్లబరిచి, మిరియాలు దట్టించిన కోడి వేపుడుతో మా మిత్రులకు పోశాను. తీపి మందేమిటని మొదట మొహం చిట్లించిన గుంటూరు అబ్బాయే చివరి చుక్కకు చెయ్యి చాచాడు.

సెప్టెంబరులో ఇక్కడి సూపర్‌మార్కెట్లన్నీ వైన్ సంతలు పెడతాయి. చుట్టూ అందరూ పెట్టెలు పెట్టెలుగా తీసుకుపోతుంటే నేను ఆరు సీసాలకు మించి కొనను. వేసవిలో మా మూడో అంతస్తు గది ముప్పై డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి వైన్ పాడవుతుంది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క చల్లని మూలలో సగం చోటు బియ్యం బస్తాది.