బస్సు పడనివాడు షిప్పెక్కితే

చలికాలంలో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి కానరీ దీవుల వైపు వెళ్లే క్రూజ్‌లో మొదటి రాత్రి ఎవరికీ ఏమీ కాదు. ఐల్ ఆఫ్ వైట్ దీవి చాటు దాటి ఇంగ్లిష్ ఛానల్లో పడ్డాక కూడా చాలాసార్లు కిటికీలోంచి చూస్తే తప్ప షిప్ కదులుతోందని తెలీదు. గెస్టులు కడుపునిండా డిన్నర్ తింటారు, వైన్ తాగుతారు, ఇంత పెద్ద షిప్‌కి ఏమవుతుందిలే అనుకుంటారు. మర్నాడు ఫ్రాన్స్ పడమటి మూల దాటి బిస్కే అఖాతంలోకి వెళ్లాక, సముద్రం బాగోలేకపోతే, బ్రేక్‌ఫాస్ట్‌కి సగం టేబుళ్లు ఖాళీగా ఉంటాయి. అప్పటికే హౌస్‌కీపింగ్ వాళ్లు మెట్ల రెయిలింగుల దగ్గర వాంతుల కవర్లు తగిలించి ఉంటారు. వాటిని చూస్తే చాలు, కొంతమందికి మొదలైపోతుంది.

బిస్కే అంటే ఫ్రాన్స్‌కి పడమర, స్పెయిన్‌కి ఉత్తరాన ఉన్న ఒంపు. అట్లాంటిక్‌లో ఎక్కడో గాలివాన లేస్తే ఆ కెరటాలు అడ్డూ ఆపూ లేకుండా ఇక్కడికి వచ్చేస్తాయి. పైగా, నాలుగు వేల మీటర్లకు పైగా ఉన్న లోతు ఒడ్డు వైపు వచ్చేసరికి గబుక్కున రెండు వందల మీటర్ల లోపుకి తగ్గిపోతుంది. ఇక్కడ ఎండ కాస్తూ గాలి పెద్దగా లేని రోజున కూడా షిప్ ఊగడం చూశాను. ఆ కెరటాలకు కారణమైన గాలి వందల మైళ్ల అవతల వీచి ఆగిపోయి ఉంటుంది.

నేను మెయిన్ డైనింగ్ రూమ్‌లో అసిస్టెంట్ వెయిటర్‌ని. మాది విజయనగరం దగ్గర ఊరు. చిన్నప్పట్నుంచీ నాకు బస్సు పడదు. అరకు ఘాట్ ఎక్కాలంటే ఒక అవోమిన్ మాత్ర, చేతిలో నిమ్మకాయ, జేబులో కవరు ఉండాల్సిందే. లేకపోతే అమ్మ కదలనిచ్చేది కాదు. కాంప్లెక్స్‌లో బస్సు కిటికీల దగ్గరికి వచ్చి అమ్మే అల్లం మురబ్బా కూడా కొనిచ్చేది. అలాంటివాణ్ణి షిప్ ఉద్యోగంలోకి ఎందుకొచ్చానంటే, హోటల్ మేనేజ్‌మెంట్ చదివినవాడికి ఇక్కడొచ్చే జీతం ఊళ్లో రాదు కాబట్టి. సీడీసీకి, అంటే ఓడలో పనిచేసేవాళ్లకి ఇచ్చే గుర్తింపు పుస్తకానికి, ముందు మెడికల్‌లో కళ్లు, చెవులు, బీపీ, షుగర్, ఎక్స్‌రే అన్నీ చూశారు. ట్రైనింగ్‌లో లైఫ్‌జాకెట్ తొడిగి నీళ్లలోకి దూకించారు, మంటలు ఆర్పించారు. సముద్రం పడుతుందా అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగినా ఏం చెప్తాం? అది ఎక్కితే గానీ తెలియదు.

అసలెందుకు పడదో షిప్‌లో నర్సు ఒకావిడ చాలా తేలిగ్గా చెప్పారు. లోపలి చెవిలో ఉండే ద్రవం ఒంటి కదలికని పసిగట్టి మెదడుకి చెబుతూ ఉంటుంది. కళ్లు కూడా చెబుతూ ఉంటాయి. కిటికీ లేని క్యాబిన్‌లో కూర్చుంటే గోడలు, మంచం, బల్ల అన్నీ మనతో పాటే ఊగుతాయి కాబట్టి కళ్లు ఏమీ కదలడం లేదంటాయి, చెవి కదులుతోందంటుంది. ఆ తగాదా తేలేదాకా కడుపులో తిప్పుతూనే ఉంటుంది. ఊగుడులో కూడా తేడాలున్నాయి. ఐదారు సెకన్లకొకసారి పైకి లేచి కిందికి దిగే ఊగుడు మనిషిని అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతుందని ప్రయోగాల్లో తేలింది. గబగబా అదిరే దాన్ని ఒళ్లు బాగానే తట్టుకుంటుంది. నెమ్మదిగా, ఊయల్లో వేసినట్టు ఎత్తి దించేదే ప్రాణం తీస్తుంది.

గెస్టులు అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈ షిప్‌కి స్టెబిలైజర్లు ఉన్నాయన్నారుగా, మరి ఊగుతుందేం?" ఉన్నాయి. నీళ్ల అడుగున రెండు పక్కలా రెక్కల్లా బయటికి వస్తాయి. కుడి ఎడమల ఊపుని బాగా తగ్గిస్తాయి. కానీ అవి పనిచేయాలంటే వాటి మీదుగా నీళ్లు వేగంగా పారాలి, అంటే షిప్ మంచి స్పీడులో ఉండాలి. కెరటాలు ఎదురొచ్చి షిప్ ముక్కు లేచి పడుతుంటే అవి చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఇంకో తమాషా ఏంటంటే, ఎక్కువ డబ్బు పెట్టి కొనుక్కునే పై అంతస్తుల బాల్కనీ గదుల్లో ఊగుడు ఎక్కువ. కింది డెక్కులో, షిప్ నడిమధ్యన, కిటికీ కూడా లేని చవక గదిలో తక్కువ. సముద్రం పడనివాళ్లు ఆ గదే తీసుకోవాలి, కానీ టికెట్ అమ్మేవాళ్లు ఆ మాట చెప్పగా నేను వినలేదు.

మా క్రూ క్యాబిన్లు కిందే ఉంటాయి. అయితే నాది మధ్యలో కాదు, ముక్కు దగ్గర. అక్కడ లేపడం, దించడం అన్నిటికన్నా ఎక్కువ. నీటి మట్టానికి కింద ఇద్దరికి ఒక గది, ఒకదాని మీద ఒకటి బంకులు. కెరటం ముందు గట్టిగా తగిలిందంటే గోడ అవతల ఎవరో గునపంతో కొట్టినట్టు దడేల్మంటుంది, ఆ తర్వాత షిప్పంతా కాసేపు వణుకుతుంది. అల్మారాలో హ్యాంగర్లు రాత్రంతా టకటకలాడతాయి. వాటి మధ్య తువ్వాళ్లు కుక్కాలి. షాంపూ సీసాలు ముందే కింద పెట్టేసుకోవాలి. బంకుకి ఉండే కర్టెన్ మాత్రం చూడకూడదు. మనం కదలడం లేదనుకుంటుంటే అది దానంతటదే మెల్లగా మన వైపు వచ్చి, మళ్లీ వెనక్కి పోతుంది. నాకు మొదటిసారి వాంతి తెప్పించింది ఆ కర్టెనే.

పడుకునే పద్ధతి గోవా నుంచి వచ్చిన మా హెడ్ వెయిటర్ నేర్పాడు. పరుపు బయటి అంచు కింద లైఫ్‌జాకెట్ దోపితే పరుపు గోడ వైపు వాలి గాడిలా అవుతుంది. అందులో వెల్లకిలా పడుకోవాలి. పక్కకి తిరిగి పడుకుంటే షిప్ ఊగిన ప్రతిసారీ దొర్లకుండా ఉండటానికి ఒళ్లు నిద్రలో కూడా బిగబట్టుకునే ఉంటుంది, పొద్దున్న లేచేసరికి నడుము పట్టేస్తుంది. ఆయన ఇరవై ఏళ్లుగా ఇలాగే పడుకుంటున్నానన్నాడు. నిద్ర ఎంత పట్టినా, ఆరింటికల్లా బ్రేక్‌ఫాస్ట్ డ్యూటీకి దిగాల్సిందే. రోజుకి పది, పదకొండు గంటల పని, వారంలో ఏడు రోజులూ. మధ్యలో రెండు విడతల విరామం.

పనిలోకి వెళ్తే ఇంకా ఎక్కువవుతుందేమోనని మొదట్లో భయపడ్డాను. నిజానికి పనిలోనే తగ్గింది. ఘాట్ రోడ్డు మీద బస్సులో అందరూ వాంతులు చేసుకున్నా డ్రైవర్ మాత్రం చేసుకోడు. ఏ మలుపు ఎప్పుడొస్తుందో అతనికి ముందే తెలుసు కాబట్టి, ఒళ్లు దానికి సిద్ధమై ఉంటుంది. ట్రే భుజాన పెట్టుకున్నవాడి పని కూడా అంతే.

ఊగే రోజున గ్యాలీ, అంటే షిప్ వంటగది, అంతా మారిపోతుంది. డీప్ ఫ్రయ్యర్లు ఆపేస్తారు, ఎందుకంటే ఒక్క గట్టి ఊపుకి మరిగే నూనె నేల మీదుంటుంది. స్టవ్‌ల మీద కడ్డీలు బిగించి, గిన్నెలు జారకుండా వాటి మధ్య ఇరికిస్తారు. సూప్ సగం కప్పే పోస్తారు. ట్రేలో తడి నాప్‌కిన్ పరిచి దాని మీద ప్లేట్లు పెట్టాలి. పొడి గుడ్డ మీదైతే జారతాయి, తడిది పట్టుకుంటుంది. టేబుల్ క్లాత్ మీద కూడా అక్కడక్కడా నీళ్లు చిలకరిస్తాం. మూతలు పెట్టిన ప్లేట్లు మామూలు రోజున పది దాకా ఒకదాని మీద ఒకటి పేర్చి తీసుకెళ్లేవాళ్లం, ఆ రోజున నాలుగుకి మించం.

ఇక నడక. గ్యాలీ తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. నేల పైకి లేస్తున్నప్పుడు కాళ్లు బరువెక్కుతాయి, అప్పుడు అడుగు వేయకూడదు. పైకొచ్చి, మళ్లీ దిగబోయే ముందు చిన్న విరామం లాంటిది ఉంటుంది, దాంట్లో నాలుగడుగులు వేయొచ్చు. మోకాళ్లు వదులుగా ఉంచాలి, అడుగులు కాస్త ఎడంగా పడాలి. చూపు ట్రే మీద పెడితే అయిపోయినట్టే. దూరంగా కిటికీలో కనబడే సముద్రం గీత మీద పెట్టాలి. మా డైనింగ్ రూమ్ షిప్ వెనక చివర్న ఉంటుంది, మూడు వైపులా కిటికీలు. ఆ గీతే నాకు మందు. పొద్దున్న బ్రేక్‌ఫాస్ట్, లంచ్ బాగా నడిచి, రాత్రి చీకటి పడ్డాక గీత కనబడక మళ్లీ తిప్పడం మొదలైన రోజులున్నాయి.

ఆకలి విషయంలో కూడా నేను అనుకున్నది తారుమారైంది. ఖాళీ కడుపు అయితే వాంతి రాదనుకునేవాణ్ణి, నిజానికి ఖాళీ కడుపుతోనే ఎక్కువ వస్తుంది. గెస్టులకి ఆకుపచ్చ ఆపిల్స్, ఉప్పు బిస్కెట్లు, జింజర్ ఏల్ ఇస్తారు. మేమూ సర్వీస్ స్టేషన్ చాటున ఎండు టోస్ట్ ముక్క నములుతూనే ఉంటాం. క్రూ మెస్‌లో మనవాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు ఎక్కువ కాబట్టి అన్నం ఎప్పుడూ ఉంటుంది. వేడివేడిగా పులుసులు, వేపుళ్లు కాకుండా, పెరుగు కలిపిన ముద్ద, నిమ్మకాయ ఊరగాయ అయితే నాకు నిలబడతాయి. బేకన్ వాసన, కాఫీ మిషన్ దగ్గర మరిగిన పాల వాసన మాత్రం ఇప్పటికీ పడవు. ఆ రెండూ వచ్చే మూలకి నన్ను పంపొద్దని నా పార్ట్‌నర్‌కి చెప్పేశాను. ఫిలిప్పీనో కుర్రాడు, నవ్వి ఊరుకున్నాడు. అతనికి చేపలు వేపిన వాసన పడదు, ఆ పని నాది.

పడుకుంటే తగ్గదా అని ఇంట్లో అడుగుతారు. గెస్టుకి తగ్గుతుంది. మాలో ఎవరైనా సిక్ అని చెబితే రెండు చిక్కులు. ఒకటి, షిప్‌లో పని ఎగ్గొట్టేవాణ్ణి 'మామగాయో' అంటారు. అది ఏ దేశం మాటో కానీ, ఏ దేశంవాడికి తగిలించినా కాంట్రాక్ట్ అయిపోయేదాకా వదలదు. రెండోది అసలైన చిక్కు. షిప్‌లో ఎవరికి వాంతి అయినా, అది సముద్రం పడక వచ్చిందా, వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ వల్ల వచ్చిందా అన్నది ముందు తేలాలి. డైనింగ్ హాల్లో గెస్టుకి వాంతి అయిందంటే చుట్టూ మనుషుల్ని దూరం జరిపి, మాస్కులు, గ్లౌజులతో ఒక టీమ్ వచ్చి, పొడి చల్లి ఎత్తి, క్లోరిన్‌తో తుడుస్తారు. నోరో ఒకరి నుంచి వందల మందికి అంటుకుంటుంది మరి. అదే తిండి ముట్టుకునే క్రూకి అయితే, అనుమానం ఉంటే క్యాబిన్‌లో వేరుగా ఉంచుతారు. లక్షణాలు తగ్గిన తర్వాత కూడా నలభై ఎనిమిది గంటలు డ్యూటీ ఉండదు. అందుకే కొత్త కుర్రాళ్లు దాచేస్తారు. టాయిలెట్‌కి పరిగెత్తి, నోరు కడుక్కుని, పుదీనా బిళ్ల వేసుకుని వచ్చి మళ్లీ బ్రెడ్ వడ్డిస్తారు.

నాకైతే ఇది దాచాల్సిన విషయం కాదనిపిస్తుంది. మెడికల్ సెంటర్‌కి వెళ్తే నర్సు అడిగేవి నాలుగే ప్రశ్నలు: జ్వరం ఉందా, విరేచనాలు అవుతున్నాయా, ఒళ్లు నొప్పులున్నాయా, షిప్ ఊగకముందు బాగానే ఉన్నావా. సీసిక్‌నెస్ అయితే చాలావరకు అక్కడే తేలిపోతుంది. మాకు షిప్‌లో వైద్యం ఉచితం. ఓడల్లో పనిచేసేవాళ్ల హక్కుల కోసం దేశాలు చేసుకున్న 2006 నాటి ఒప్పందం, మారిటైమ్ లేబర్ కన్వెన్షన్‌లోనే అది ఉంది, మన దేశం కూడా 2015లో దాన్ని ఒప్పుకుంది. రోజుకి కనీసం పది గంటల విశ్రాంతి ఇవ్వాలన్నదీ అందులోదే. కాగితం మీద అది ఎప్పుడూ పది గంటలే ఉంటుందనుకోండి.

మాత్రల విషయానికొస్తే, అన్నీ ముందే వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక మింగిన మాత్ర కడుపులో నిలవదు, అప్పుడు డాక్టర్ ఇంజెక్షన్ చేయాల్సిందే. మనకి తెలిసిన అవోమిన్‌తో నిద్ర ముంచుకొస్తుంది. గెస్టుకి అది వరమే కానీ కత్తి పట్టుకునే గ్యాలీవాడికి కాదు. స్టుజెరాన్‌తో నాకు మత్తు కాస్త తక్కువ. అది ఇంగ్లండ్‌లో, మన ఊళ్లో దొరుకుతుంది, అమెరికాలో అమ్మరు, అక్కడ మెక్లిజిన్ ఇస్తారు. చెవి వెనక అంటించే ప్యాచ్ కూడా ఉంది, డాక్టర్ రాయాలి, నోరు పిడచకట్టుకుపోతుంది. అమ్మ పంపే అల్లం మురబ్బా అందరికీ పనిచేస్తుందని చెప్పలేను కానీ, మా మెస్‌లో డబ్బా తెరిస్తే రెండు రోజుల్లో ఖాళీ. మణికట్టుకి కట్టుకునే బ్యాండ్లు షిప్ షాపులో బాగా అమ్ముడుపోతాయి, ఆ మాట వరకే చెప్పగలను.

ఎక్కువమందికి రెండు మూడు రోజుల్లో ఒళ్లు అలవాటు పడుతుంది. కొంతమందికి ఎన్నాళ్లయినా పడదు, అది చేతకానితనం కాదు. బ్రిటిష్ నౌకాదళంలో అంత పేరున్న నెల్సన్‌కి చివరిదాకా గాలి గట్టిగా వీస్తే వాంతులే. చార్లెస్ డార్విన్ 1831 నుంచి 1836 దాకా బీగిల్ ఓడలో తిరిగినప్పుడు సముద్రం మీదున్నన్నాళ్లూ బాధపడుతూనే ఉన్నాడు, ఎండుద్రాక్ష తప్ప ఏమీ సయించని రోజులున్నాయి. అతనికి కనీసం దారిలో ఒడ్డున దిగి తిరగడానికి నెలల తరబడి వీలుండేది. మా బ్యాచ్‌లో కాకినాడ అబ్బాయి ఒకడు బిస్కేలో రెండోసారి కూడా తట్టుకోలేక సైన్ ఆఫ్ అయి వెళ్లిపోయాడు. ఇప్పుడు దుబాయ్‌లో హోటల్లో చేస్తున్నాడు, బాగున్నాడు.

సెలవుకి ఇంటికి వెళ్లినప్పుడు అదే గోల తిరగబడుతుంది. బాత్రూంలో మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకుంటే నేల లేస్తుంది, గోడ పట్టుకుని నిలబడతాను. పెళ్లి పందిట్లో కూర్చుంటే కుర్చీ ఊగుతున్నట్టుంటుంది. నాకు కొద్ది రోజుల్లో పోతుంది. నెల దాటినా పోకపోతే మాత్రం ఈఎన్‌టీ డాక్టర్ని చూడాలి, కొంతమందికి అది నెలల తరబడి ఉండిపోతుందట. ఇంట్లో ఉన్నన్నాళ్లకి ఒళ్లు సముద్రాన్ని మర్చిపోతుంది, కొత్త కాంట్రాక్ట్‌లో మళ్లీ మొదట్నుంచీ రావాలి.

ఈసారి అలాస్కా వేస్తారంటున్నారు. ఏ రూట్ అన్నది మనం అడిగితే ఇచ్చేది కాదు. ఇన్‌సైడ్ పాసేజ్ దీవుల మధ్య నుంచి పోతుంది కాబట్టి అక్కడ నీళ్లు చాలావరకు నెమ్మదిగానే ఉంటాయి. గల్ఫ్ ఆఫ్ అలాస్కా దాటే ట్రిప్పులైతే సీజన్ చివర్లో గట్టిగానే ఊగుతుందని సీనియర్లు చెబుతున్నారు. స్టుజెరాన్ అక్కడ దొరకదు కాబట్టి, విజయనగరంలోనే డాక్టర్ చేత చీటీ రాయించుకుని కాంట్రాక్ట్‌కి సరిపడా కొనుక్కుని బయల్దేరాలి.