రెండో శనివారం, ఆదివారం: చెన్నైలో నా పుట్టినరోజు

చెన్నైకి ఉద్యోగానికి వచ్చి ఆరేళ్లు దాటినా, అంబత్తూరులోని హాస్టలు, ఆఫీసు, పండగలకు సెంట్రల్ నుంచి ఎక్కే నెల్లూరు బండి తప్ప ఈ ఊరిలో నేను చూసింది చాలా తక్కువ. నెల్లూరులో ప్రభుత్వ పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పే నా చిన్ననాటి స్నేహితురాలికి ఈ సంగతి తెలిసి, "ఆరేళ్లుగా అక్కడుండి ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూడలేదని ఎక్కడా అనబాకే, నవ్విపోతారు" అని మందలించి, నా ముప్పయ్యో పుట్టినరోజుకు తానే వచ్చి ఊరు చూపిస్తానని చెప్పింది. ఊళ్లో ఉండేది నేను, ఊరు చూపించేది ఆమె. అందులోని అవమానాన్ని నేను వెంటనే దిగమింగుకున్నాను, ఎందుకంటే ఏర్పాట్లన్నీ నామీదే పడ్డాయి.

పుట్టినరోజు శుక్రవారం వచ్చింది. ఆ రోజుకు సెలవు పెట్టి, శనివారం కూడా కలుపుకుందామని మొదట అనుకున్నాను. సెలవు మంజూరయిన తరువాత గాని ఎగ్మూరు మ్యూజియానికి వారపు సెలవు శుక్రవారమేనని, సెయింట్ జార్జి కోటలోని మ్యూజియానిదీ అదే పద్ధతి అని నాకు తెలియలేదు. పోనీ ఆది, సోమవారాలు పెట్టుకుందామంటే సోమవారం మెరీనా లైట్‌హౌసూ, వివేకానందుడి స్మారక భవనమైన వివేకానందర్ ఇల్లమూ మూసి ఉంటాయి. చివరికి ఆమెకు బడి లేని రెండో శనివారం, ఆదివారమే ఖాయమయ్యాయి. నా శుక్రవారపు సెలవు హాస్టల్లో బట్టలు ఉతుక్కోవడానికి పనికివచ్చింది. ఆ దెబ్బతో నేను పద్ధతి మార్చి, చూడవలసిన చోట్ల పేర్లకు బదులు ముందుగా అవి మూసి ఉండే వేళలు ఒక కాగితం మీద రాసుకున్నాను. గుళ్లు మధ్యాహ్నం పన్నెండు దాటితే మూసి, మళ్లీ నాలుగింటికి గాని తెరవరు. మ్యూజియం ఉదయం తొమ్మిదిన్నర తరువాతనే తెరుస్తారు. ఈ ఖాళీలలో ఇమడని వాటిని కొట్టివేయగా, పద్నాలుగు చోట్ల జాబితా ఆరుకు దిగింది. మా హాస్టల్లో బయటివారిని రాత్రిపూట ఉండనివ్వరు కనుక ఎగ్మూరులో ఒక గది తీసుకున్నాను.

శనివారం ఉదయం ఎనిమిది లోపే ఆమె సెంట్రల్‌లో దిగింది. గది ఇచ్చేది పన్నెండింటికి. అంతవరకూ ఆమె పెద్ద సంచిని మోసుకు తిరగలేము గనుక స్టేషనులోని క్లోక్‌రూముకు వెళ్లాము. అక్కడ టికెట్టు, గుర్తింపు కార్డు చూపించడంతో సరిపోతుందనుకున్నాను గాని, తాళం వేయని సంచిని తీసుకోరట. గుమాస్తా జిప్పును వేలితో చూపి తల అడ్డంగా ఊపాడు. స్టేషను బయట తాళాలు, గొలుసులు అమ్మే బండి దగ్గరకు వెళ్లి నాకు వచ్చిన తమిళమంతా కూడదీసుకుని బేరమాడుతుంటే, ఆ పెద్దాయన చివరిదాకా ఓపికగా విని, "అమ్మా, పది రూపాయలు తగ్గిస్తాను, తెలుగులోనే అడుగు" అన్నాడు. రెండు తాళంచెవులున్న చిన్న ఇత్తడి తాళం అది. సంచి ఆమె చేతిలో ఉంది గనుక తాళంచెవులు నేను తీసుకున్నాను.

సెంట్రల్ నుంచి ఎగ్మూరుకు మెట్రోలో ఒకటే స్టేషను. అక్కడి నుంచి ఆటోలో మ్యూజియానికి చేరేసరికి అప్పుడే తలుపులు తీస్తున్నారు. 1851లో మొదలైన సంస్థ అది, ఆవరణంతా పాత భవనాలు. ఒక గంటలో ముగించుకుని బయటపడదామని నేను వేసుకున్న లెక్క అమరావతి శిల్పాల గది దాటలేదు. గోడల పొడవునా నిలిపిన ఆ తెల్లని పలకలన్నీ మన కృష్ణ ఒడ్డు నుంచి వచ్చిన సున్నపురాయి. 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చిన వాటిలో కొన్ని తరువాత లండను వెళ్లి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయని, అంతకు ముందే ఎన్నో పలకలను ఊరివాళ్లు సున్నం కాల్చుకున్నారని ఆమె చెబుతుంటే, మిగిలిన ఒక్కొక్క రాతి ముందు నిలబడడంలో తేడా తెలిసింది. నాలగిరి ఏనుగు శిల్పం దగ్గర ఆమె చాలాసేపు కదలలేదు. ఒకే గుండ్రటి రాతిలో ఆ ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది: ఒక పక్క మదమెక్కి వీధిలో మనుషులను తొక్కుతూ, మరో పక్క బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లి. పైన మేడ కిటికీలలోంచి జనం తొంగిచూస్తుంటారు. "ఈ బొమ్మ పాఠ్యపుస్తకంలో తపాలా బిళ్లంత ఉంటుంది, పిల్లలకు ఏనుగు తప్ప ఇంకేమీ కనపడదు" అని, భయంతో పక్కవాడిని పట్టుకున్న స్త్రీని నాకు వేలితో చూపింది. ఆ స్త్రీ వెనుకకు వాలిన తీరు చూశాక నాకు మిగతా గదులకు వెళ్లాలనిపించలేదు. అయినా కంచు విగ్రహాల గదిలో తిరువాలంగాడు నటరాజును చూడకుండా రావడం తప్పవుతుందని వెళ్లాము. మూడు గంటలకు పైగా గడిచిపోయింది. నా కాగితం అక్కడితో చెడింది.

భోజనానికి నేను ఆంధ్రా మెస్సు పేరెత్తితే ఆమె ఒప్పుకోలేదు. గోంగూర తినడానికి నెల్లూరు నుంచి రైలెక్కి రావాలా అన్నది. వత్తకుళంబు, పొరియల్, మజ్జిగతో కడుపు నిండిన తరువాత క్లోక్‌రూము నుంచి సంచి తెచ్చి గదిలో పెట్టి మైలాపూరు చేరేసరికి మూడు కూడా కాలేదు, కపాలీశ్వరుడి గుడి మూసే ఉంది. లజ్ కూడలి చుట్టూ మెట్రో రెండో దశ తవ్వకాల వల్ల ఆటో ఎక్కడెక్కడో తిరిగి మమ్మల్ని దించింది. అప్పుడు ఆమె, రాయపేట హైరోడ్డు ఇక్కడికి దగ్గరే కదా అని అడిగింది. నా జాబితాలో లేని చోటు అది: పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం.

1952 అక్టోబరు 19న ఇక్కడే, స్వాతంత్ర్య సమరయోధులు బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో ఆయన ఆమరణ దీక్ష మొదలుపెట్టారు. 58వ రోజున, డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. మరుసటి ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఇవి ఆమె ఏటా చెప్పే పాఠమే. కానీ ఆ ముందరి వీధిలో బస్సులు, బండ్లు పోతూనే ఉన్నాయి, ఎదురుగా ఎవరో టీ తాగుతున్నారు. 58 రోజులు ఇలాంటి మామూలు వీధి పక్కనే గడిచాయన్న సంగతి నాకు అంతకు ముందు తట్టలేదు. ఆయన పుట్టింది కూడా ఈ ఊరి జార్జ్‌టౌనులోనే, 1901లో. "ప్రతి దరఖాస్తులోనూ జిల్లా అన్నచోట ఈయన పేరు రాస్తాను, గడి సరిపోక చాలాసార్లు కుదించి రాశాను" అని ఆమె మెల్లగా అన్నది. ఇద్దరమూ మరేమీ మాట్లాడకుండా గుడి దాకా నడిచాము.

నాలుగింటికి గుడి తెరిచారు. పార్వతి నెమలి రూపంలో శివుణ్ణి పూజించిన చోటు గనుక మైలాపూరు అయిందని అంటారు. తమిళంలో మయిల్ అంటే నెమలి. నా పేర అర్చన చేయించి, మాడ వీధుల్లో పూలు కొని, రాత్రి గదిలో కేకుకు బదులు మైసూరు పాకు ముక్కను చెంచాతో కోశాము. చాకు లేదు, ఆ చెంచా వంగిపోయింది.

ఆదివారం తెల్లవారకముందే మెరీనాకు వెళ్లాము. సూర్యోదయం గురించి చెప్పడానికి ఏమీ లేదు, మబ్బు పట్టింది. లైట్‌హౌసు తెరిచే వేళ దాకా ఆగడం ఇష్టంలేక దాన్ని కింది నుంచే చూసి, తిరువల్లిక్కేణి (ట్రిప్లికేన్) దాకా నడిచి పార్థసారథిని దర్శించుకున్నాము. అక్కడి మూలవిరాట్టు వేంకటకృష్ణుడికి మీసాలుంటాయి. ఉత్సవమూర్తి ముఖం మీది మచ్చలు భీష్ముడి బాణపు గాయాలని చెబుతారు. సారథి గనుక ఆయన చేతిలో ఆయుధం లేదని పూజారి తమిళంలో చెప్పినది నాకే సరిగా అర్థమయింది. ఈ ప్రయాణం మొత్తంలో నేను ఆమెకు అనువదించి చెప్పగలిగిన మాట అదొక్కటే.

గది ఖాళీ చేసి, సంచిని అదే తాళంతో మళ్లీ క్లోక్‌రూములో పెట్టి త్యాగరాయనగరు వెళ్లాము. కోటను వదిలేయడం అందుకే. ఆమెకు చీర కావాలి, నాకు గొడవ వద్దు. పిట్టి త్యాగరాయ శెట్టి పేరున్న పేటలో, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రభుత్వంలో ప్రధాన మంత్రిగా ఉన్న పానగల్లు రాజా పేరున్న పార్కు పక్కన, ఇద్దరు తెలుగువాళ్ల నీడలో మూడున్నర గంటలు చీరలు తిప్పించి చివరికి మొదట చూసినదే కొన్నది.

సాయంత్రం క్లోక్‌రూములో సంచి విడిపించి, చీర పొట్లాన్ని ఆమె చేతిసంచిలో పెట్టి, బండి కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాను. రాత్రి పదిన్నరకు ఫోను వచ్చింది. ఇల్లు చేరాను, తాళంచెవి ఎక్కడే అని అడిగింది. రెండూ నా పర్సులోనే ఉన్నాయి. నేను క్షమాపణ చెప్పేలోపే అవతల రుబ్బురోలు పొత్రంతో కొడుతున్న చప్పుడు వినిపించింది; మూడో దెబ్బకు వాళ్లమ్మ, "వచ్చిందిలే, వచ్చిందిలే" అన్నది.