జగ్గు చప్పుడుకి ఎవరు మార్కులేశారు

ఇవాళ ఆఫీసుకి వెళ్తూ మోపాక్ హైవే మీద ట్రాఫిక్‌లో థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్ అనే రాక్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ మొత్తం విన్నా, 1966లో వచ్చినది. ఇది మా ఆస్టిన్ (టెక్సస్) బ్యాండే, అందుకని నాకు కాస్త మమకారం ఎక్కువే. మొదటి పాట యువర్ గొనా మిస్ మీలో గాయకుడు రోకీ ఎరిక్సన్ అరుపు వినగానే ఎన్నిసార్లు విన్నా ఒళ్ళు జలదరిస్తుంది. ఆల్బమ్ రికార్డ్ చేసేటప్పటికి అతనికి 19 ఏళ్ళు, ఈ పాటైతే అంతకుముందే స్పేడ్స్ అనే వేరే బ్యాండ్‌తో ఒకసారి పాడేశాడు కూడా.

లంచ్‌లో కూర్చుని దీని మీద ఎవరెవరు ఏం రాశారా అని చదువుతూ పోయా. ఇప్పుడైతే అందరూ గొప్ప అనే అంటారు, సైకడెలిక్ రాక్, అంటే మత్తులో కలగంటున్నట్టు వినిపించే రాక్, ఇక్కడే మొదలైందని కొందరు, కాదు అదే ఏడాది బ్లూస్ మగూస్ అనే బ్యాండ్ కూడా ఆ మాటని ఆల్బమ్ పేరులో పెట్టారు కదా అని ఇంకొందరు. నాకు ఆ ఫస్ట్ ఎవరు అనే గొడవ మీద ఆసక్తి లేదు. నన్ను ఆపేసింది ఇంకోటి. అసలు ఇది వచ్చినప్పుడు రివ్యూ రాయడానికి ఎవరున్నారు? క్రాడాడీ అనే రాక్ పత్రికని పాల్ విలియమ్స్ అనే కాలేజీ కుర్రాడు అదే 1966లో మొదలుపెట్టాడు, రోలింగ్ స్టోన్ పత్రిక అయితే 1967 నవంబర్ దాకా రానే లేదు. రాక్ పాటని కూర్చుని సీరియస్‌గా విని రాయడం అనే పనే అప్పుడప్పుడే పుడుతోంది. ఇక మిగిలింది ఏ పాట ఎంత హిట్టో ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ చార్టు, అందులో యువర్ గొనా మిస్ మీ సింగిల్ 55 దగ్గర ఆగిపోయింది, అంతే, అదే తీర్పు.

అసలు మలుపు 1972లో వచ్చింది. లెనీ కే అనే కుర్రాడు ఎలెక్ట్రా కంపెనీ కోసం నగెట్స్ అని డబుల్ ఎల్‌పీ (రెండు రికార్డుల సెట్టు) తయారుచేశాడు, 27 పాటలు, అన్నీ 65 నుంచి 68 మధ్య గ్యారేజీల్లో వాయించుకున్న కుర్ర బ్యాండ్లవి, వాటిలో యువర్ గొనా మిస్ మీ కూడా ఒకటి. లోపల రాసిన నోట్సులో వీటికి పంక్ రాక్ అనే పేరు సరిగ్గా సరిపోతుందన్నాడు. లండన్‌లో పంక్ గోల మొదలవడానికి ఇంకా కొన్నేళ్ళుంది! ఇంకో విషయం, ఆ లెనీ కేనే తర్వాత గాయని ప్యాటీ స్మిత్ పక్కన గిటార్ వాయించాడు, 1975లో వచ్చిన ఆమె ఆల్బమ్ హార్సెస్‌లో ఉన్నది అతనే. పాటల్ని ప్రేమించి రాసినవాడే పాట కట్టడానికి దిగాడు, విమర్శ అంటే నాకు ఇలాంటిదే కావాలి.

బాధపెట్టేది కూడా ఉంది. చాలామంది ఈ ఆల్బమ్ గురించి మొదలుపెట్టి రెండో పేరాకే రోకీ మానసిక జబ్బులోకి వెళ్ళిపోతారు. 1969లో గంజాయి కేసులో పట్టుబడటం, జైలు తప్పించుకోవడానికి మతి స్థిమితం లేదని ఒప్పుకోవడం, రస్క్ స్టేట్ హాస్పిటల్ అనే మానసిక ఆసుపత్రిలో పెట్టేయడం, 1972లో బయటికి రావడం, అవును, నగెట్స్ వచ్చిన ఏడాదే. ఇవన్నీ నిజాలే, దారుణాలే. కానీ ఈ పాటలు పాడినప్పుడు అవేవీ ఇంకా జరగలేదు కదా, ఆ గొంతులో ఉన్నది పిచ్చి కాదు, ఆనందం, బలం, దాన్ని అలాగే వినండి అని గట్టిగా చెప్పాలనిపిస్తుంది నాకు. స్టేసీ సదర్లాండ్ గిటార్ గురించి అయితే ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు, ఆ రివర్బ్‌లో (ప్రతిధ్వనిలో) నుంచి తేలివచ్చే గిటార్ లేకపోతే ఈ ఆల్బమ్‌లో సగం లేదు.

సాయంత్రం ఇంటికొచ్చి పప్పు కుక్కర్లో పెట్టి విశాఖలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశా, వాడికి అక్కడ పొద్దున్న, కాలేజీ బ్యాండ్‌లో గిటార్ వాయిస్తాడు. నిన్న పంపిన లింక్ విన్నావా అంటే "విన్నా అక్కా, పాట సూపర్, కానీ వెనకాల ఎవరో కోడిపిల్లని పట్టుకున్నట్టు ఆ సౌండేంటి, తీసేస్తే బాగుండేది" అన్నాడు. అది ఆ బ్యాండ్‌లోని టామీ హాల్ జగ్గు రా, జగ్గు మూతి దగ్గర మైకు పెట్టుకుని అందులోకి నోటితో అలా శబ్దం చేస్తాడు అని చెప్పా. పాటలు రాసిందీ చాలావరకు అతనే, ఆల్బమ్ వెనక అరిస్టాటిల్ పేరెత్తి ఫిలాసఫీ రాసిందీ అతనే. "ఏమైనా చిరాగ్గా ఉందక్కా" అన్నాడు మళ్ళీ. ఆ జగ్గు నచ్చనివాళ్ళు వాడొక్కడే కాదు, దశాబ్దాలుగా చాలామంది ఇదే మాట అంటున్నారు, కానీ నేను ఒప్పుకోను. డ్రమ్స్‌కీ గిటార్‌కీ మధ్య అది పరిగెడుతుంటేనే పాటకి ఆ కంగారు వస్తుంది, అది తీసేస్తే మంచి గ్యారేజ్ పాట మిగులుతుంది గానీ ఈ పాట మిగలదు. శబ్దాల్ని రెండు పక్కలకి విడదీసే స్టీరియో వదిలేసి, అన్నీ ఒకచోటే వచ్చే మోనో మిక్స్‌లో వినరా, అన్నీ కలిసి ఒకే దెబ్బలా తగులుతాయి అన్నా.

కాసేపటికి మెసేజ్ పెట్టాడు, మోనోలో ఇదే ఆల్బమ్‌లోని రోలర్ కోస్టర్ పాట విన్నాడట, జగ్గు ఇంకా నచ్చలేదుగానీ అందులో మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ రిఫ్ మాత్రం వాళ్ళ బ్యాండ్‌లో ట్రై చేస్తాడట. రెండో ఆల్బమ్ ఈస్టర్ ఎవ్రీవేర్ లింక్ కూడా పంపేశా, అది 1967ది, దీనికన్నా అదే గొప్పదని చాలామంది అంటారు, ముందు అందులోని స్లిప్ ఇన్‌సైడ్ దిస్ హౌస్ అనే ఎనిమిది నిమిషాల పాటతో మొదలుపెట్టమని చెప్పా.