శాతం గుర్తు మింగేసిన పేరా

మా టెస్టింగ్ రిపోర్టు 120 పేజీలు. మూడో బొమ్మకు ముందు కొత్తది చేర్చమన్నారు. మామూలు వర్డ్ ప్రాసెసర్‌లో ఆ తర్వాతి నంబర్లన్నీ చేత్తో దిద్దుకుంటూ కూర్చున్నాను. (వాటంతట అవే మారే ఏర్పాటు అందులోనూ ఉందని తర్వాత తెలిసింది లెండి.) ఆ విసుగులోనే లేటెక్ పట్టుకున్నాను. మామూలు ఫైల్‌లో పాఠంతోపాటు కమాండ్లు రాసి నడిపితే నంబర్లు వేసి పేజీలు కూర్చిపెట్టే ప్రోగ్రామ్ అది. తన పుస్తకం అచ్చు ప్రూఫులు నచ్చక కంప్యూటర్ శాస్త్రవేత్త డోనాల్డ్ కనూత్ 1970ల చివర్లో టెక్ అనే అక్షరకూర్పు ప్రోగ్రామ్ తయారుచేస్తే, దాని మీద లెస్లీ లాంపోర్ట్ 1980ల్లో లేటెక్ కట్టాడు.

మొదటి వారమంతా ఎర్రర్లే. ఆర్టికల్ క్లాస్ (క్లాస్ అంటే పత్రం తరహా) పెట్టి చాప్టర్ అంటే ఆ కమాండే లేదంది. అధ్యాయాలు కావాలంటే రిపోర్ట్ క్లాస్ తీసుకోవాలి. ఫైల్ పేరులో అండర్‌స్కోర్ కనబడితే డాలర్ గుర్తు ఏదీ అని నిలదీసింది. దాని లెక్కలో అండర్‌స్కోర్ గణితంలో కింద రాసే అంకె కోసం. గణితమేమో డాలర్ గుర్తుల మధ్య ఉండాలి.

అరిచే ఎర్రర్లు నయం. నన్ను ముంచింది అరవనిది. "12% తగ్గింది" అని రాశాను. లేటెక్‌కి శాతం గుర్తు అంటే అక్కడి నుంచి ఆ వరుస చివరిదాకా వ్యాఖ్య, అచ్చు వేయదు. నాకేమో పేరా మొత్తం ఒకే వరుసలో రాసే అలవాటు. 12 తర్వాత పేరా అంతా మాయం, ఎర్రర్ మాత్రం లేదు. "పన్నెండు ఏమిటి?" అని సహోద్యోగి అడిగితేగానీ చూసుకోలేదు. శాతం గుర్తుకు ముందు ఒక బ్యాక్‌స్లాష్ పెడితే సరిపోయేది. అప్పటి నుంచి వాక్యానికో వరుస రాస్తున్నాను.

లేబుల్ సంగతి ఇంకా దొంగది. లేబుల్ అంటే బొమ్మను వేరే చోట నంబరుతో ప్రస్తావించడానికి పెట్టుకునే గుర్తు. బొమ్మకు నంబరు వేసే క్యాప్షన్ కంటే ముందే దాన్ని పెట్టాను. లేబుల్ తనకు ముందు వచ్చిన నంబరును పట్టుకుంటుంది, అంటే సెక్షన్ నంబరును. రిపోర్ట్ క్లాస్‌లో సెక్షన్‌కీ బొమ్మకీ నంబర్లు ఒకే తీరులో ఉంటాయి కాబట్టి "బొమ్మ 4.3 చూడండి" అని చదివితే తప్పని తోచదు. అది 4.1 అని కనిపెట్టడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

మళ్లీ బొమ్మ చేర్చమన్నారు. చేర్చి ఒకసారి నడిపితే కొత్త బొమ్మను ప్రస్తావించిన చోట రెండు ప్రశ్నార్థకాలు. రెండోసారి నడిపితే నంబర్లన్నీ సర్దుకున్నాయి. బొమ్మ మాత్రం తర్వాతి పేజీకి ఎగిరింది. ఉండనిచ్చాను.