గట్టు మీద మల్లెదండ

మా అక్క కూతురు ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. ఎండాకాలం సెలవులకు నెల్లూరు వచ్చింది. "పిన్నీ, సాయంత్రం స్వర్ణాల చెరువు దగ్గర పర్ఫార్మెన్స్ ఆర్ట్ చేస్తున్నా, తోడు రావా" అంది. నాటకమా అని అడిగితే కాదంది. వేషం లేదు, డైలాగులు లేవు. చాప పరుచుకుని మల్లెపూలు కడుతూ కూర్చుంటుంది. ఎవరైనా వచ్చి ఎదురుగా కూర్చుని ఒక్క ముడి వేసి వెళ్ళచ్చు. మాట్లాడకూడదు. అంతే.

స్కూటీ మీద వెళ్తూ మరీనా అబ్రమోవిచ్ అనే పేరున్న పర్ఫార్మెన్స్ ఆర్టిస్టు గురించి చెప్పింది. 1974లో ఇటలీలోని నేపుల్స్‌లో ఆవిడ బల్ల మీద 72 వస్తువులు పెట్టి, వాటితో నన్నేం చేసినా సరేనని ఆరు గంటలు ఊరికే నిలబడిందట. గులాబీ, ఈక, తేనె, కత్తెర, పిస్తోలు, తూటా కూడా ఉన్నాయట అందులో. మొదట మెత్తగానే ఉన్న జనం, పోనుపోను బట్టలు కత్తిరించారు. చివరికి తూటా నింపిన పిస్తోలు ఆవిడకే గురిపెట్టారు. వింటుంటే ఒళ్ళు జలదరించింది. గట్టు మీద ఆడపిల్ల ఒక్కతే కూర్చుంటే ఎవరేమంటారోనని నాకు ఒకటే టెన్షన్.

అరగంట దాకా ఎవరూ రాలేదు. దూరంగా నిలబడి ఫోన్లలో తీసుకుంటున్నారు. "ఏందమ్మా ఇది, మొక్కుబడా?" అన్నాడు బజ్జీల బండాయన. పిల్ల నవ్వి ఊరుకుంది. నేనిక చూడలేక వెళ్ళి కూర్చున్నా. అరటినార తడిగా, చల్లగా ఉంది. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు పెట్టి చుట్టు తిప్పితే జారిపోయింది. ఇన్నేళ్ళుగా పూలు కడుతున్న చేతులివి. తలెత్తితే పిల్ల నన్నే చూస్తోంది. దాని మొహం అంతసేపు చూసి ఎన్నాళ్ళయిందో.

ఆ తర్వాత ఖాకీ చొక్కాలో ఒక ఆటో ఆయన చెప్పులు విడిచి కూర్చున్నాడు. పూలు కట్టడం తెలియదు. మూడుసార్లు మొగ్గలు రాలాయి. పిల్ల సాయం చేయలేదు, తొందరపెట్టలేదు. చివరికి బస్తా మూతి కట్టినట్టు గట్టిగా లాగి ముడేశాడు. లేచి వెళ్తూ వేళ్ళు వాసన చూసుకున్నాడు. ఆ తర్వాత జనం ఒకరి వెనక ఒకరు వచ్చారు.

నాకు రొట్టెల పండగ గుర్తొచ్చింది. ఏటా మొహర్రానికి బారాషహీద్ దర్గా పక్కన ఈ చెరువు నీళ్ళలోనే కదా, కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తే, కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు. సొంతింటి కోసం నేనూ ఒక ఏడాది దిగాను. ముక్కూమొహం తెలియని ఆవిడ నా కొంగులో రొట్టె పెట్టి, చెయ్యి గట్టిగా నొక్కింది. దీనికి అర్థమేంటని ఆ రోజు నేనెవర్నీ అడగలేదు. ఇవాళ పొద్దున్నుంచీ మాత్రం ఈ పిల్లని అడుగుతూనే ఉన్నా.

దండ నాలుగు మూరలు దాటింది. ఇంటికొచ్చి నా ముడి ఎక్కడుందో వెతికాను, దొరకలేదు. ఆటో ఆయనది మాత్రం ఇట్టే తెలుస్తోంది. తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. రేపు అక్కని కూడా తీసుకెళ్ళాలి.